‘మొదటి వంద మందికే’ అన్న మాటతోనే తంటా

సంపాదకుడు గారికి నమస్కారం.

దసరా దగ్గర పడుతోంది. కూడళ్లలో ఫ్లెక్సీలు లేస్తున్నాయి, ఆటోలకు మైకులు కడుతున్నారు. కొత్త బట్టల షోరూములూ బిర్యానీ సెంటర్లూ ముహూర్తాలు పెట్టించుకుంటున్నాయి. ఇంకో నెల తిరక్కుండానే జిల్లా పేజీలో ఎక్కడో ఒకచోట ‘ఆఫర్ కోసం ఎగబడిన జనం’ అన్న శీర్షిక వస్తుంది. ఆ ‘ఎగబడిన’ అన్న మాట దగ్గరే మా పేచీ. జనం ఎప్పుడేం చేస్తారో బ్రహ్మకు కూడా తెలియదని వ్యాపారులు అంటుంటారు. ఎంతమంది వస్తారన్నది చెప్పలేమన్న మాట నిజమే. వచ్చినవాళ్లు ఏం చేస్తారన్నది మాత్రం వ్యాపారి తన చేత్తో పాంప్లెట్‌లో ముందే రాసిపెడుతున్నాడు.

‘ఈ శనివారం ఉదయం 10 గంటలకు, మా షోరూమ్‌లో, మొదటి వంద మందికి పది రూపాయలకే చీర.’ ఈ ఒక్క వాక్యం ఊరందరికీ ఏం చెబుతోంది? అందరూ ఒకే చోటికి రండి. ఒకే వేళకు రండి. పక్కావిడకంటే ముందు లోపలికి దూరండి. నూటొక్కటో మనిషైతే వట్టి చేతులతో పొండి. జనం తు.చ. తప్పకుండా అదే చేస్తారు. మర్యాదగా వెనక నిలబడినవాళ్లకు ఏమీ దక్కదని చెప్పి, మర్యాదగా నిలబడలేదని వాళ్లనే తిట్టడం ఏం న్యాయం?

సిద్దిపేటలో 2019 ఫిబ్రవరిలో ఒక షాపింగ్ మాల్ పది రూపాయల చీర అన్నది. మహిళలు పోటెత్తారు, తోపులాటలో పలువురు గాయపడ్డారు. కరీంనగర్‌లో 2023 జూన్‌లో ఒక కొత్త హోటల్, రూపాయి నోటు తెచ్చినవాళ్లకు బిర్యానీ అన్నది. నాణెం చెల్లదు, నోటే కావాలి. ఈ రోజుల్లో రూపాయి నోటు ఎవరి దగ్గరుంటుందిలే అనుకుని ఉంటారు. నూటపదహార్లు చదివించడానికి రూపాయి నోట్లు దాచుకునే ఇళ్లు మనకు ఎన్ని ఉన్నాయో లెక్కలోకి రాలేదు. రోడ్డు నిండింది. అడ్డదిడ్డంగా నిలిపిన బండ్లకు పోలీసులు చలానాలు రాశారు. ఆ చలానాతో కలిపి చూసుకుంటే కొందరికి ఆ రూపాయి బిర్యానీ ఏమంత చౌక కాలేదు.

లెక్క చిన్నదే, కాగితం మీద వేసుకునేవాళ్లే తక్కువ. తొమ్మిదిన్నరకు నిమిషానికి 60 మంది వస్తున్నారనుకుందాం. తలుపు దగ్గర ఇద్దరు మనుషులు చూసి పంపితే నిమిషానికి 12 మంది లోపలికి పోతారు. అంటే నిమిషానికి 48 మంది మిగులు. ఇరవై నిమిషాల్లో బయట 960 మంది. చదరపు మీటరుకు నలుగురు చొప్పున నిలబడినా వాళ్లకు 240 చదరపు మీటర్లు కావాలి. షాపు ముఖం 15 మీటర్లయితే జనం 16 మీటర్ల లోతున ఉంటారు, అంటే ఎదుటి షాపు మెట్ల దాకా. ఆ స్థలం షాపువాడిది కాదు, మున్సిపాలిటీది. చదరపు మీటరుకు నలుగురు దాటి ఆరుగురు ఏడుగురు అయ్యారంటే మనిషి ఒళ్లు మనిషి మాట వినదు. ఎటు తోస్తే అటు పోతుంది. తొక్కిసలాట అంటాం గానీ, ఇలాంటి చోట చాలామంది కాళ్ల కింద పడి చనిపోరు. ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక, నిలబడి ఉండగానే పోతారు.

ఇక షాపు ముఖం సంగతి. మన పట్టణాల్లో సగం కొత్త షోరూముల ముందు మురుగుకాలువ, దాని మీద ఒక పలక, ఆపైన మూడు మెట్లు. మెట్ల పక్కన పూజకు వదిలిన చెప్పుల గుట్ట. షామియానా గుంజలకు కట్టిన తాళ్లు మోకాలి ఎత్తులో. డీజే బాక్సులకు పోయే కరెంటు వైరు నేల మీద. లోపలికి మాత్రమే తెరుచుకునే అద్దాల తలుపు. అన్నింటికీ మించి షట్టర్. జనం ఎక్కువున్నారని భయపడి మేనేజరు షట్టర్ సగమే ఎత్తిస్తాడు. సగం షట్టర్ కిందనుంచి దూరాలంటే నడుం వంచాలి. వంగిన మనిషి మీద వెనకవాళ్ల బరువంతా పడుతుంది, ఒకరు బోర్లా పడితే పది మంది ఆ ఒక్కరి మీద పడతారు. షట్టర్ ఎత్తితే పూర్తిగా ఎత్తాలి, లేదా మూసే ఉంచాలి. సగం ఎత్తడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ముందున్నవాళ్ల అవస్థ వెనకవాళ్లకు కనపడదు. గుంపుల మీద ఎంతో పని చేసిన అమెరికా ఇంజినీరు జాన్ ఫ్రూయిన్ ఇలాంటి ప్రమాదాలను నాలుగు అంశాల్లో విడదీసి చూడమన్నారు: బలం, సమాచారం, స్థలం, కాలం. మన ఓపెనింగుల్లో మొట్టమొదట తప్పేది సమాచారం. ముందు మనిషి పడిపోయినా, వెనకున్నవాళ్లకు ఒక్క అడుగు ముందుకు పోయే చోటు దొరికినట్టే కనిపిస్తుంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. అస్వస్థతకు గురైన ఒక మహిళను బయటికి పంపేందుకు గేటు తీస్తే, టోకెన్ల కోసమే తీశారనుకుని జనం ముందుకు వచ్చారని అప్పట్లో వార్తలొచ్చాయి. గేటు తెరుచుకోవడమే ఒక ప్రకటన. మైకులో ఏం చెప్పినా వెనకవాళ్లకు అంతకంటే గట్టిగా వినపడేది అదే.

ఇక్కడ ఇంకో సంగతి. ‘టోకెన్లు ఇచ్చేస్తే సరిపోతుంది కదా’ అని అందరూ సలహా చెబుతారు. తిరుపతిలో జరిగింది టోకెన్ల దగ్గరే. 2023 ఫిబ్రవరిలో తమిళనాడులోని వాణియంబాడిలో ఉచిత చీరల పంపిణీ అన్నారు. అక్కడ నలుగురు మహిళలు చనిపోయింది చీర కోసం కాదు, ముందురోజు ఇచ్చే టోకెన్ కోసం. ‘ముందొచ్చినవాళ్లకే’ అన్న షరతును చీర మీద నుంచి తీసి కాగితం మీద పెడితే, రద్దీ కూడా చీర దగ్గర నుంచి కాగితం దగ్గరికి మారుతుంది, అంతే. కాబట్టి మార్చాల్సింది ‘ముందు’ అన్న షరతు.

ఎలా మార్చాలి? 500 చీరలున్నాయి, ఒక్కోటి 200 రూపాయలకు పడింది అనుకుందాం. పదేసి రూపాయలు తిరిగొస్తాయి కాబట్టి ఆఫర్ ఖర్చు 95 వేలు. ఒకటే పూట పంచకుండా పది రోజులు పెట్టుకోండి. రోజుకు 50, ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా గంటకు పది మంది. ఆ వేళల్లో షాపులు ఎలాగూ ఈగలు తోలుకుంటుంటాయి. పేరు నమోదు ఫోన్ మీదే, మూడు రోజుల గడువుతో, మొదటి రోజు చేసినా మూడో రోజు చేసినా ఒకటే అని పెద్దక్షరాలతో చెప్పి. ఏ రోజు, ఏ గంట అన్నది మెసేజ్‌లో పంపాలి. ఫోన్ లేని ముసలమ్మల కోసం వార్డుకో కిరాణా షాపు మాట్లాడుకుని, అక్కడ పుస్తకంలో పేరు రాయించుకోవాలి. నమోదు చేసినవాళ్లు 4,000 మంది అయితే చీరలు 500 ఎలా పంచాలన్న ప్రశ్న వస్తుంది. డ్రా తీయొచ్చు గానీ, అమ్మకాలు పెంచుకోవడానికి నడిపే లాటరీలు, అదృష్ట పోటీలు వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వచ్చే వీలుంది. వకీలును అడక్కుండా లక్కీ డ్రా జోలికి పోవద్దు.

మమ్మల్నడిగితే అసలు చీరలే వద్దంటాం. అదే 95 వేలను వెయ్యి రూపాయల పైన బిల్లు చేసిన ప్రతివాళ్లకూ వంద తగ్గింపుగా పది రోజుల పాటు ఇస్తే 950 బిల్లులు అవుతాయి, తొమ్మిదిన్నర లక్షల అమ్మకం కళ్లముందుంటుంది. పది రూపాయల చీరకు వచ్చిన గుంపులో ఇంకో చీర బేరమాడే తీరిక ఎవరికీ ఉండదు. అసలు కొనుగోలుదారు ఆ గుంపును రోడ్డు అవతలి నుంచే చూసి బండి తిప్పుకుపోతుంది. ‘కానీ సార్, ఊరంతా మాట్లాడుకోవాలి కదా’ అంటారు యజమానులు. మాట్లాడుకుంటారు. ఏమని మాట్లాడుకుంటారన్నదే చూసుకోవాలి.

అయినా చీరలే పంచుతానంటే షాపులో కాకుండా రెండు గేట్లున్న ఫంక్షన్ హాలు తీసుకోండి. ఒక గేటు రావడానికి, ఇంకోటి పోవడానికి. లోపల కుర్చీలు వేయించండి. బౌన్సర్లు పది మంది చేయలేని పని మూడొందల ప్లాస్టిక్ కుర్చీలు చేస్తాయి. కూర్చున్న గుంపు తోసుకోదు. వరుస వారీగా పిలిస్తే చాలు. క్యూలైను వేయాల్సి వస్తే సర్వీ కర్రలకు తాడు కట్టి వదిలేయకండి, ఒక్క ఒత్తిడికి కూలిపోయి కర్రలే కాళ్లకు అడ్డం పడతాయి. ఇనుప బారికేడ్లు, వాటి మధ్య దారి ముప్పావు మీటరు, అంటే ఒక మనిషి పట్టేంత. వరుస నేరుగా తలుపు మీదికి పోకూడదు. మలుపులు తిప్పితే వెనక ఒత్తిడి మలుపు దగ్గరే ఆగిపోతుంది. ప్రతి పది మీటర్లకూ పక్కకు తప్పుకునే సందు ఉండాలి. మీటరుకు ఇద్దరు లెక్కన 500 మందికి 250 మీటర్ల లైను కావాలి. అంత చోటు లేదంటే అంతమందిని పిలిచే హక్కు కూడా లేదన్నమాట.

కౌంటర్ దగ్గర ఎవరూ ఊహించని చిక్కు పది రూపాయల చెల్లింపు. అందరూ ఫోన్ తీసి స్కాన్ చేస్తారు. వెయ్యి మంది గుమిగూడిన చోట సిగ్నల్ గుడ్డిదీపంలా ఉంటుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది, డబ్బులు పోయాయా లేదా అని ఇద్దరూ ఫోన్లు చూసుకుంటుంటారు. బిల్లుకు ఒక్క నిమిషం పట్టినా 500 బిల్లులు ఒకే కౌంటర్ మీద ఎనిమిది గంటల పైచిలుకు. పైగా మడత విప్పి చూడకుండా చీర తీసుకునే ఆడవాళ్లు ఉంటారా? నాలుగు రంగులు నాలుగు బల్లల మీద పెట్టి, ఒక్కో రంగు ఒకటి విప్పి వేలాడదీసి, మిగతావి కవర్లలో కట్టి ఉంచితే ఎంపిక అరనిమిషంలో అయిపోతుంది. డబ్బు తీసుకోకుండా టోకెన్‌కే ఇచ్చేస్తే ఇంకా మేలు. ఆ 5,000 రూపాయలు వసూలు చేయడానికయ్యే గొడవ ఖరీదు 5,000 కంటే ఎక్కువే.

రిబ్బన్ కత్తిరించడానికి సినిమా హీరోయిన్‌ను పిలిచి, అదే పూట ఆఫర్ పెట్టడం మన దగ్గరి ప్రత్యేక రోగం. చీర కోసం వచ్చిన గుంపు లోపలికి తోస్తుంది. ఫోన్లో ఫొటో తీసుకునే గుంపు కారు ఎటుంటే అటు తిరుగుతుంది. రెండూ ఒకే గేటు దగ్గర ఎదురుపడతాయి. పదిన్నరకు వస్తానన్న తార ఒంటిగంటకు వస్తుంది, అంతదాకా జనం ఎండలో కరిగిపోకుండా గట్టిపడుతూ ఉంటారు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో సినిమా ప్రీమియర్ దగ్గర ఒక తల్లి ప్రాణం పోయాక కూడా ఈ పద్ధతి మారలేదు. తారను ఒకరోజు, ఆఫర్‌ను ఇంకోరోజు పెట్టుకుంటే ప్రచారం రెండుసార్లు జరుగుతుంది కూడా.

కేవలం చూడ్డానికి వచ్చేవాళ్లను తక్కువ అంచనా వేయొద్దు. 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ షోరూమ్ తెరిచిన రోజు ‘మొదటి వంద మందికి’ లాంటి ఎర అవసరం లేకుండానే సుమారు 40 వేల మంది వచ్చారు, హైటెక్ సిటీ దారులు స్తంభించాయి. ఆ సంస్థకు పాఠం కొత్తది కాదు. 2004లో సౌదీలోని జెడ్డాలో ముందొచ్చినవాళ్లకు వోచర్లంటే ముగ్గురు చనిపోయారు. 2005లో లండన్‌లోని ఎడ్మంటన్‌లో అర్ధరాత్రి షాపు తెరిచి, తెల్లవారుజామున మూడింటి దాకే చవక సోఫాలంటే వేలమంది వచ్చి, అరగంటకే మూసేయాల్సి వచ్చింది. సోఫాలకు తక్కువ ధర పెట్టినందుకు వచ్చిన ముప్పు కాదది, గడియారం పెట్టినందుకు వచ్చింది.

పాంప్లెట్ రాసేవాళ్లకు కొన్ని మాటలు. షరతులన్నీ ధర ఉన్న బొమ్మ మీదే ఉండాలి. కింద వేరే మెసేజ్‌గా రాస్తే వాట్సాప్‌లో బొమ్మ ఒక్కటే పోతుంది, ‘500 చీరలే’ అన్న మాట వెనకే ఉండిపోతుంది. ‘ఈ శనివారం’ అని రాయొద్దు, తేదీ, నెల, సంవత్సరం రాయాలి. లేకపోతే ఆ బొమ్మ వచ్చే ఏడాది మళ్లీ తిరుగుతుంది, లేని ఆఫర్‌కు జనం వచ్చి గొడవకు దిగుతారు. వేళలో, చోటులో మార్పుంటే జనం ఇల్లు కదలకముందే చెప్పాలి. 2025 జూన్ 4న ఐపీఎల్ విజయోత్సవానికి వచ్చి బెంగళూరు స్టేడియం దగ్గర 11 మంది చనిపోయిన రోజు, పరిమితంగా ఉచిత పాసులున్నాయన్న పోస్టు మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. అప్పటికే జనం గేట్ల దగ్గర ఉన్నారు. చేతిలో పాసు లేనివాళ్లను ఇంట్లో ఆపగలిగే సమయం దాటిపోయింది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాల్లో ఎర ప్రకటనల మీద విడిగా నిబంధనలున్నాయి. చెప్పిన ధరకు అమ్మే అవకాశం నిజంగా ఉండాలి. డిమాండ్‌కు తగ్గ సరుకు ఉండాలి, లేకపోతే సరుకు పరిమితమని స్పష్టంగా చెప్పాలి. షరతు అసలు ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి. తెలుగులో ‘పది రూపాయలకే’ అని అరిచి, మూలన చీమతలంత ఇంగ్లిష్‌లో ‘షరతులు వర్తిస్తాయి’ అంటే కుదరదు. జరిమానా పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా ఉంది.

సరుకు అయిపోయినప్పుడు ఏం చేయాలో ముందురోజే తేల్చుకోవాలి. షట్టర్ దించేయడం అన్నింటికంటే చెడ్డ పని. ‘అయిపోయాయి’ అన్న మాట మొదట చెప్పాల్సింది వరుస చివర ఉన్నవాళ్లకు, వేదిక మీద మైకులో కాదు. చివర్లో ఒక మనిషి చేతి మైకుతో నిలబడి, చివరివాళ్లతో మొదలుపెట్టి ముందువాళ్ల దాకా జనాన్ని వరసగా వెనక్కి మళ్లించాలి. మిగిలిన ప్రతి మనిషి చేతిలో ఒక చీటీ పెట్టాలి: పదిహేను రోజుల్లో ఎప్పుడొచ్చినా ఇంత తగ్గింపు అని. చీటీ ఉన్న మనిషి కోపంగా పోదు.

మాట వెనక్కి తీసుకున్నప్పుడు జనం ఎంత దూరం పోతారో ఫిలిప్పీన్స్‌లో 1992లో పెప్సీ చూసింది. సీసా మూతల కింద అంకెలు, గెలిచిన అంకెకు పది లక్షల పెసోల (అక్కడి డబ్బు) బహుమతి. మే 25న 349 గెలిచిందన్నారు. ఆ అంకె దాదాపు ఎనిమిది లక్షల మూతల మీద అచ్చయి ఉంది. పొరపాటు అని చెప్పి ఒక్కొక్కరికీ 500 పెసోలు ఇస్తామన్నారు. దాదాపు 4.86 లక్షల మంది తీసుకున్నారు, మిగతావాళ్లు వీధికెక్కారు, లారీలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. కోర్టు చివరికి 2006లో కంపెనీ బాధ్యత లేదన్నది గానీ, అప్పటికి పద్నాలుగేళ్లు గడిచాయి. అదే 1992లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీ వంద పౌండ్ల సరుకు కొంటే రెండు విమాన టికెట్లన్నది. జనం టికెట్ కోసం వ్యాక్యూమ్ క్లీనర్లు కొన్నారు. నష్టం దాదాపు 5 కోట్ల పౌండ్లు. బహుమతి ఖరీదు సరుకు ఖరీదును దాటితే జనం కొనేది బహుమతినే. అందరూ తీసుకుంటే మన గతేమిటన్న లెక్క వేయకుండా ఏ ఆఫర్‌నూ అచ్చుకు పంపకూడదు.

చవకంటే జనం ఎప్పుడూ పరుగెత్తుతారనీ అనుకోవద్దు. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చిన నానోను ‘అందరికంటే చవక’ అన్న పేరే దెబ్బ తీసిందని రతన్ టాటా తర్వాత ఒప్పుకున్నారు. పది రూపాయల చీరను బీరువాలో పెట్టుకోవచ్చు, కారును ఇంటి ముందు నిలపాలి. నలుగురి కంట పడే సరుకును చవక అని అమ్మబోతే జనం వేరే తీరుగా ప్రవర్తిస్తారు.

చివరగా మీ ప్రకటనల విభాగానికి ఒక విన్నపం. ఇలాంటి ప్రకటన మొదటి పేజీలో వేసి, దాని ఫలితాన్ని రెండు రోజుల తర్వాత జిల్లా పేజీలో వేయడం పత్రికలకు అలవాటైపోయింది. ప్రకటన తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. సరుకు ఎన్ని? ఆ అంకె ప్రకటనలో ధర ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా ఉందా? అనుకున్నదానికి పది రెట్లు వస్తే వాళ్లు నిలబడే చోటేది? మూడో ప్రశ్నకు జవాబు లేని ప్రకటనకు ‘మొదటి వంద మందికే’ అన్న మాట తీసేసి ‘ఈ పది రోజులూ’ అని వేయమని చెప్పండి. అదే కాలమ్ సైజులో సరిపోతుంది, ధర కూడా మారదు.

ఇట్లు,
షోరూముల ప్రారంభోత్సవ ప్రచారం, ఏర్పాట్ల పనిలో ఉన్న ఇద్దరు పాఠకులు,
హనుమకొండ